గడ్డి కోసే యంత్రం మీద ఒక మహజరు

దిగువ సంతకం చేసిన గృహస్థుడు, డాలస్ శివారులో అప్పు మీద ఒక ఇల్లు, ఇంటి ముందు కాస్త గడ్డి, గ్యారేజీలో ఆ గడ్డి కోసే పెట్రోలు మోవరు కలిగినవాడై, సదరు మోవరు వల్ల పడుతున్న బాధలను పెద్దల సముఖానికి తెచ్చుకోవడమైనది. ఆ పెద్దలెవరని మాత్రం అడగొద్దు. తెలిస్తే ఇంత రాసే పనుండేది కాదు, నేరుగా వాళ్లింటికే వెళ్లి కూర్చునేవాణ్ణి.

ముందు గడ్డి సంగతి. మా వీధిలో ఏ ఇంటి ముందు చూసినా బెర్ముడా గడ్డే. వృక్షశాస్త్రంవాళ్లు సైనోడాన్ డాక్టిలాన్ అనే మొక్క. అంటే సాక్షాత్తూ మన గరిక. వినాయకచవితి నాడు పత్రిలో పెట్టి దణ్ణం పెట్టుకునే గరిక. మర్నాటి నుంచి మళ్లీ చవితి దాకా, గట్టు మీంచి చేలోకి దిగిందని రైతు తిట్టుకుంటూ పీకి పారేసే గరిక. కణుపు ముక్క ఒక్కటి మిగిలితే చాలు, వేరు తొడిగి లేస్తుంది. ఊళ్లో దీన్ని వదిలించుకోవడానికి కూలిచ్చి మనుషుల్ని పెట్టాం. ఇక్కడ దీనికి ఎరువు వేసి, నీళ్లు పెట్టి, పెరిగిందని కోసి, కోశాం కదా నీరసపడుతుందేమోనని మళ్లీ ఎరువు వేస్తున్నాం.

పెరిగితే పెరిగిందిలే అని ఊరుకుందామా, చట్టం ఊరుకోదు. డాలస్ నగరంలో గడ్డి 12 అంగుళాలు దాటితే నేరం. అది నగరంవారి పెద్దమనసు. కాలనీ సంఘాలకు అంత ఓపిక ఉండదు. జానెడు కాకముందే ఇంటికి ఉత్తరం వస్తుంది. అందులో మన గడ్డి ఫొటో మనకే పంపుతారు, మనం చూసుకోలేదేమోనని.

ఈ తద్దినానికంతటికీ మూలపురుషుడు ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంగ్లండు ఇంజనీరు. స్ట్రౌడ్ ప్రాంతపు ఉన్ని మిల్లుల్లో గుడ్డ మీద లేచిన నూగు కత్తిరించే యంత్రం ఉండేది. గుడ్డకు చేసింది గడ్డికి ఎందుకు చేయకూడదు అనుకున్నాడు. 1830 ఆగస్టు 31న పేటెంటు పుచ్చుకున్నాడు. పల్లెల్లో ఉండే పెద్దమనుషులు దీన్ని స్వయంగా తోసుకుంటే వినోదమూ ప్రయోజనమూ ఆరోగ్యమూ కలుగుతాయని అందులోనే భరోసా కూడా ఇచ్చాడు. ఆయన మీద నాకు పెద్ద కక్షేమీ లేదు. ఆయన యంత్రానికి పెట్రోలు అక్కర్లేదు, ఇంజనాయిలు అక్కర్లేదు. ఇనప చక్రాలు, కత్తులు, తోసేవాడి ఒంట్లో సత్తువ, అంతే. నా వ్యాజ్యం ఆ తరవాత దానికి ఇంజను తగిలించినవాళ్ల మీద.

అభియోగం సూటిగా చెబుతాను. ఈ ఇంజను పని చేసి చెడదు, పని లేక చెడుతుంది. ఎద్దు దున్ని దున్ని అలిసిందంటే అర్థముంది. లారీ తిరిగి తిరిగి అరిగిందంటే అర్థముంది. నవంబరులో చలి పడగానే గరిక ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. వసంతం దాకా మళ్లీ పచ్చబడదు. అన్ని నెలలూ మోవరుకు సెలవు. ఎండ తగలదు, వాన తగలదు, ఎవరూ పల్లెత్తు మాట అనరు. గ్యారేజీ మూల అలా కూర్చుని కూర్చునే అది చెడిపోతుంది.

గరిక చిగురించగానే కాలనీ సంఘం కూడా చిగురిస్తుంది కాబట్టి, మోవరు బయటికి లాగి తాడు పట్టుకున్నాను. తాడు లాగితే ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్లీ లాగితే ఆ దగ్గూ లేదు. తెనాలి దగ్గరి పల్లె నుంచి మా మామగారు ఆర్నెల్ల మకాం వచ్చి ఉన్నారు. కాలవ కింద వ్యవసాయం చేసి, ఆయిల్ ఇంజనుతో నీళ్లు తోడిన మనిషి. గుమ్మం ముందు కుర్చీ వేసుకుని చూస్తున్నారు.

"అల్లుడుగారూ, పైన లివరేదన్నా ఉందేమో, ఎత్తి తిప్పండి" అన్నారు.

"దీనికి లివరుండదు మావయ్యగారూ."

"లివరు లేకపోతే లాగేవాడి భుజం ఏమైపోద్దండీ?"

ఈ ప్రశ్న ఇంజను తయారుచేసినవాళ్లను అడగాల్సింది, నన్ను కాదు. ఆయన డీజిలింజనుకు కార్బొరేటరు లేదు, స్పార్క్ ప్లగ్గు లేదు. లివరెత్తి హ్యాండిల్ తిప్పి, ఊపందుకోగానే లివరు వదిలేస్తే అదే అందుకునేది. మోవరుకు ఆ కార్బొరేటరూ ప్లగ్గూ రెండూ ఉన్నాయి, అందుకోవడమొక్కటే లేదు.

ఇక ముద్దాయిల విచారణ. మొదటి ముద్దాయి పెట్రోలు. ఇక్కడి బంకుల్లో మామూలుగా పోసేదాంట్లో నూటికి పది పాళ్ల దాకా ఇథనాల్. మొక్కజొన్నతో కాచిన సారా. ఈ దేశంలో పండే మొక్కజొన్నలో మూడోవంతుకు పైగా ఈ బట్టీలకే పోతుంది. పెట్రోల్లో ఇలాంటివి కలపాలని 2005లో చట్టం చేశారు, 2007లో లెక్క ఇంకా పెంచారు. మొక్కజొన్న రైతు బాగుపడితే నాకు సంతోషమే. ఆ సారా నా మోవరుకు పట్టడమే నా అభ్యంతరం. ఇథనాల్‌కు నీళ్లంటే ప్రాణం. ట్యాంకులో ఖాళీ ఉంటే అందులోకి వచ్చే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీళ్లు ఒక మోతాదు దాటాయా, నీళ్లూ ఇథనాలూ జట్టుకట్టి పెట్రోలును పైన వదిలేసి అడుక్కు దిగిపోతాయి. ఇంజనుకు వెళ్లే గొట్టం ఉండేదెక్కడ? అడుగున. ట్యాంకులో అంత పెట్రోలున్నా, ఇంజను నోట్లోకి ముందు పోయేది సారానీళ్లే.

ట్యాంకులోది గాజుసీసాలోకి వంపి నిలబెట్టాం. కాసేపటికి కింద వేలెడు మందాన మబ్బుగా ఒక పొర, పైన పసుపురంగు పొర విడివిడిగా తేలాయి. మామగారు సీసా ఎత్తి చూసి, "మన బంకుల్లో ఇప్పుడు నూటికి ఇరవై పాళ్లు కలుపుతన్నారు. బియ్యం నూకలతో కూడా చేస్తన్నారంట" అన్నారు. ఆ గొంతులో ఉన్నది దిగులో గర్వమో నాకు అంతు చిక్కలేదు.

అసలు పెట్రోలు నెల దాటితే పాతబడుతుందని మాన్యువల్లో రాసి ఉంది. కోట్ల ఏళ్లు భూమి కడుపులో చెక్కుచెదరకుండా ఉన్న సరుకు మా గ్యారేజీలో నెల తిరిగేసరికి పాడవుతుందట. దానికో మందు ఉంది, స్టెబిలైజరు. అది కొత్త పెట్రోల్లో కలపాలి. కలిపాక కాసేపు ఇంజను నడిపి, మందు కార్బొరేటరు దాకా పాకేలా చూడాలి. పెట్రోలు పాడయ్యాక పోస్తే మందూ దండగే. అంటే జబ్బు రాకముందే వేయాలి, వచ్చాక పనికిరాదు. ఇథనాల్ కలపని పెట్రోలు డబ్బాల్లో అమ్ముతారు. పావు గాలన్ డబ్బా ఖరీదుతో బంకులో రెండు గాలన్లు వస్తాయి. మరోవైపు నూటికి పదిహేను పాళ్లు ఇథనాల్ ఉన్నది కాస్త చవగ్గా దొరుకుతుంది. దాన్ని 2001 తరవాతి కార్లకు పోయవచ్చు గానీ మోవరుకు పోయకూడదని పంపు మీద నారింజరంగు చీటీ అంటించి ఉంటుంది. చవకది పోయకూడదు, మంచిది కొనలేం, మామూలుది నిలవుండదు. గృహస్థుడికి మిగిలిన దారేమిటో పెద్దలే సెలవివ్వాలి.

పెట్రోలు పట్టుకొచ్చే క్యాను మీద విడిగా ఒక దావా వేయవలసి ఉంది. ఒలికిపోకుండా, ఆవిరి గాల్లో కలవకుండా మూతి తనంతట తనే మూసుకుపోవాలని 2009 నుంచి ఇక్కడ రూలు. ఆశయం గొప్పదే. కానీ స్ప్రింగు మూతిని ఒక చేత్తో నొక్కి, నిండు క్యానును ఇంకో చేత్తో వంచి, ట్యాంకు బెజ్జం మూడో చేత్తో వెతుక్కోవాలి. ఆ మూడో చెయ్యి రూలు రాసినవాళ్లకు ఉందేమో. వెనకటి మామూలు గొట్టంతో ఒలికినదానికంటే ఈ ఒలకని గొట్టంతోనే మా ఇంటి దారి మీద ఎక్కువ ఒలికింది.

రెండో ముద్దాయి కార్బొరేటరు. స్పార్క్ ప్లగ్గు వైరు పీకి పక్కన పెట్టాం. అది పీకకుండా కింద చెయ్యి పెడితే, బ్లేడు ఒక్క చుట్టు తిరిగినా వేళ్లు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. కార్బొరేటరు అడుగున చిన్న గిన్నె, అందులో ఫ్లోటు. పెట్రోలు నిండగానే ఫ్లోటు లేచి సూదిని నెట్టి దారి మూస్తుంది. తగ్గగానే దిగి తెరుస్తుంది. గిన్నెను పట్టి ఉంచే బోల్టే మా మోవరుకు పెట్రోలు కొలిచి వదిలే జెట్టు కూడా. చలికాలమంతా గిన్నెలో నిలిచిన పెట్రోలు ఆవిరైపోగా అడుగున జిగురు, తెల్లటి పొడి, ముక్కు పగిలే వార్నిష్ వాసన మిగిలాయి. ఆ బోల్టు నడుములో అడ్డంగా ఒక బెజ్జం ఉంటుంది. గుండుసూది మొన ఆనుతుంది గానీ దూరదు. ఒక కన్ను మూసి, వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే అవతలి పక్క కనపడాలి. కనపడలేదు. ఇంత ఇంటికీ, ఇంత గడ్డికీ, కాలనీ సంఘం ఉత్తరాలన్నిటికీ ఆ బెజ్జమే ఆధారమని అప్పుడు తెలిసింది.

మామగారు లోపలికెళ్లి పాత ఛార్జరు వైరొకటి తెచ్చారు. పై తొడుగు గోటితో ఒలిచి, లోపలి రాగిపోగుల్లోంచి ఒక్కటి విడదీసి, వేళ్ల మధ్య నలిపి నిటారు చేశారు. "ఉక్కు తీగ పెట్టబాకండి. బెజ్జం పెద్దదైందంటే పెట్రోలు తాగుద్ది. మా లూనా మోపెడ్డుకు ఇట్టానే చేసేవాణ్ణి" అంటూ దాన్ని మెల్లగా ఇటు నుంచి అటు దూర్చారు. క్లీనరు కొడితే ఆకుపచ్చ నలుపు కలిసిన బొట్టొకటి బయటపడి, బెజ్జంలోంచి సన్నటి వెలుగు చుక్క కనపడింది.

ఇంజను అందుకుంది. అందుకుని పాట మొదలుపెట్టింది. ఒకసారి అరుపు, ఒకసారి గొణుగుడు, మళ్లీ అరుపు. జెట్టు సగమే తెరుచుకుంటే అందే పెట్రోలు చాలదు. వేగం పడిపోతుంది. పడిపోయిందని గవర్నరు థ్రాటిల్ తెరుస్తుంది. వేగం హద్దు దాటుతుంది. దాటిందని మూస్తుంది. ఇంజను తప్పు ఇంజనుదే అయినా, పక్కింటాయన కిటికీ తెర తొలగించి చూసింది మాత్రం నన్ను. మళ్లీ విప్పి, మళ్లీ రాగిపోగు దూర్చి, మళ్లీ బిగించాం. ఈసారి నిలకడగా నడిచి, సగం గడ్డి కోశాక చప్పున ఆగిపోయింది. దీనికి కారణం ట్యాంకు మూత. మూతలో గాలి వెళ్లే సన్నటి దారి ఒకటుంటుంది. అది దుమ్ముతో పూడుకుపోతే, పెట్రోలు తగ్గేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు కిందికి దిగదు. మూత వదులు చేస్తే సుయ్‌మని గాలి పీల్చుకుని మళ్లీ బతుకుతుంది. పెట్రోలు మారిస్తే చాలదు, జెట్టు కడిగితే చాలదు, మూతకు ఊపిరాడుతోందో లేదో కూడా మనమే కనుక్కోవాలి.

మూడో ముద్దాయి ఇంజనాయిలు. దీని ఘోరాలు నింపాదిగా సాగుతాయి. ఇంజనులో పట్టేది అర లీటరు పైచిలుకు. 4 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వాతావరణానికి ఎస్ఏఈ 30, చలికి 10డబ్ల్యూ-30 అని పట్టిక ఉంటుంది. పోయడం తేలికే, చూడటమే కష్టం. ఆయిలు చూసే పుల్లను కొన్ని ఇంజన్లకు మర తిప్పి బిగించి తీసి చూడాలి. కొన్నిటికి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. అదే ఇంజను, అదే ఆయిలు, ఒక పద్ధతిలో తక్కువ, ఇంకో పద్ధతిలో ఎక్కువ. తక్కువైతే లోపలి ఇనుము ఇనుముతో రాసుకుని పట్టేస్తుంది. ఎక్కువైతే నురగ కట్టి, పొగై బయటికొస్తుంది. మన మోవరుది ఏ పద్ధతో మాన్యువల్ చూసి తెలుసుకోవాలి. మాన్యువల్ మనకు కావలసిన రోజున కనపడదు.

ఒక పొద్దున పుల్ల తీసి చూస్తే ఆయిలు గీత దాటి ఉంది. ఎవరూ పోయలేదు. మా ఇంట్లో ఎవరూ పోయకుండా పెరిగింది ఈ మధ్యకాలంలో ఇదొక్కటే. మామగారు పుల్ల ముక్కు దగ్గర పెట్టుకుని, "పెట్రోలు వాసనండీ" అని తేల్చారు. ఫ్లోటు సూది సరిగా మూసుకోకపోతే రాత్రంతా పెట్రోలు కారి, సిలిండరులోకి దిగి, రింగుల సందుల్లోంచి ఆయిలులో కలుస్తుంది. ఆయిలు పల్చబడి పని చేయదు. కొత్త సూది వేయాలి, ఆయిలంతా తీసి కొత్తది పోయాలి. ట్యాంకు కింద వాల్వు ఉన్న మోవరుకైతే కోసిన ప్రతిసారీ అది కట్టేయాలి. ఇంట్లో గ్యాసు బండ కట్టామా లేదా అని రాత్రి లేచి చూసుకునే అలవాటు తప్పించుకుందామనే కదా ఇంత దూరం వచ్చింది!

తరవాతి నేరం పొగ. తడిగడ్డి బ్లేడు చుట్టూ పేరుకుంటే మోవరును పక్కకు వాల్చి గీకాలి. వాల్చేటప్పుడు కార్బొరేటరు, ఎయిర్ ఫిల్టరు ఉన్న వైపు పైకి ఉండాలి. కిందికి ఉంటే ఆయిలు సిలిండరులోకీ, ఫిల్టరులోకీ, సైలెన్సరులోకీ పోతుంది. మా మోవరును ఆ వైపు కిందికి వచ్చేలా వాల్చిందెవరన్న విచారణ మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. తాడు లాగగానే మాత్రం దోమల మందు కొట్టే మునిసిపాలిటీ బండి వచ్చినట్టు వీధి వీధంతా తెల్లబడింది. పిల్లలు పరుగెత్తుకొచ్చారు. పెద్దలు ఫోన్లు తీశారు. లోపల పడ్డ ఆయిలు కాలిపోయేదాకా కొన్ని నిమిషాలు తెల్లపొగ వస్తుంది, దానికి గుండెలు బాదుకోనక్కర్లేదు. తడిసిన ఫిల్టరు మార్చుకుంటే చాలు. నీలం పొగ మానకుండా వస్తుంటే ఆయిలు ఎక్కువైందనో, రింగులు అరిగాయనో అర్థం. నల్లపొగ వస్తే గాలికి మించి పెట్రోలు పోతోంది, ఫిల్టరు మూసుకుందో చోక్ తెరుచుకోలేదో చూడాలి. ఈ శాస్త్రమంతా చదివి తెలుసుకునే లోపల కాలనీ సంఘానికి ఫొటోలు చేరిపోయాయి.

ఆయిలు మార్చే ముహూర్తాలు కూడా వినండి. కొత్త ఇంజనుకు మొదటి ఐదు గంటలకే మార్చాలి. ఆ తరవాత యాభై గంటలకోసారి, లేదా ఏడాదికోసారి, ఏది ముందైతే అది. మా గడ్డికి ఏడాది మొత్తం కోసినా యాభై గంటలు పట్టదు. అంటే పని చేసినందుకు కాక, ఏడాది గడిచినందుకు మార్చాలి. నా అభియోగానికి ఇంతకంటే రాతపూర్వకమైన సాక్ష్యం ఇంకేం కావాలి?

ఇది చాలదన్నట్టు గోడ వార గడ్డి కొట్టే ట్రిమ్మరొకటి ఉంది. అది టూ స్ట్రోక్. దానికి ఆయిలు విడిగా ఉండదు, పెట్రోల్లోనే యాభైకి ఒక పాలు కలిపి పోయాలి. కలిపినది మోవరుకు పోస్తే పొగ, ప్లగ్గు నల్లబడటం. కలపనిది ట్రిమ్మరుకు పోస్తే పిస్టను పట్టేసి ట్రిమ్మరే పోతుంది. కాబట్టి గ్యారేజీలో రెండు ఎర్ర క్యాన్లు. చూడ్డానికి రెండూ ఒకటే. మామగారు మాత్రం, "లూనాకు బంకువాడే కలిపి పోసేవాడు, మనకీ గొడవే లేదు" అని, ఎనభైల నాటి బంకుకున్న బుద్ధి ఈ దేశానికి లేకపోయిందని తేల్చేశారు. ఈ ఒక్క విషయంలో మామా అల్లుళ్లం ఏకమయ్యాం.

ఇంతా చేసి, మళ్లీ చలికాలం రాబోతోంది. మోవరును నిద్రపుచ్చడం ఎలా? ఇందులో రెండు మతాలున్నాయి. ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా ఇంజను నడిపి, చుక్క మిగల్చకూడదని ఒక మతం. ఖాళీ ఉంటేనే తేమ చేరుతుంది, రబ్బరు వాషర్లు ఎండి పగులుతాయి, కనుక స్టెబిలైజరు కలిపి గొంతు దాకా నింపాలని రెండో మతం. ద్వైతులూ అద్వైతులూ ఇన్ని శతాబ్దాల్లో తేల్చుకోనిదాన్ని తప్పు పట్టను, వాళ్లది పరమాత్మ సంగతి. వీళ్లది గాలన్ పెట్రోలు సంగతి.

"ఏవండీ, ఆ బ్యాటరీది కొనెయ్యకూడదూ?" అంది మా ఆవిడ. కాలిఫోర్నియాలో 2024 నుంచి కొత్త పెట్రోలు మోవర్లు తయారుచేసి అమ్మకూడదని చట్టమే వచ్చిందని కూడా చెప్పింది. ఎదురింటివాళ్లు కొన్నారు. పెట్రోలు లేదు, ఆయిలు లేదు, కార్బొరేటరు లేదు, పొగ లేదు. మీట నొక్కితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. చలికాలం వెళ్లాక కూడా మీట నొక్కితే కదిలిందట. ఎదురింటాయన కోసేసి, లోపలికెళ్లి, తలుపు వేసుకుంటాడు. ఆయనతో మాట్లాడటానికి వీధిలో ఎవరికీ ఏ విషయమూ ఉండదు.

కనుక పెద్దలకు నా విన్నపాలు ఇవి. పెట్రోలు కనీసం ఒక చలికాలం నిలవుండేట్టు చేయవలెను. జెట్టు బెజ్జం మనిషి కంటికి ఆనే సైజులో పెట్టవలెను. క్యాను మూతి రూలు రాసినవారు ఒకసారి మా ఇంటికి వచ్చి, రెండే చేతులతో పోసి చూపించవలెను. చలికాలపు రెండు మతాలవారూ ఒక మాట మీదికి రావలెను. ఇవేవీ కుదరనిచో, మా ఆవిడ చెప్పినట్టు బ్యాటరీది కొనడానికి కూడా నేను సిద్ధమే, కాకపోతే ఒక షరతు. దానికి ఆయిలు చూసే పుల్ల ఒకటి ఎక్కడో అక్కడ బిగించి అమ్మవలెను. పొద్దున్నే తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూసుకుంటాం, నేనూ మామగారూ.